ముందు బండి గురవయ్య

గురవయ్య ముప్పై ఎనిమిదేళ్ళు లారీ తోలాడు. మాచర్ల నాపరాయి, పిడుగురాళ్ళ సున్నం, నరసరావుపేట పత్తి బేళ్ళు. ఏ సరుకు ఎత్తినా, ఏ ఊరికి పోయినా, అతని బంపరు ఒక మనిషికి గానీ గొడ్డుకు గానీ ఇంకో బండికి గానీ తగల్లేదు. ఒకసారి అద్దంకి దగ్గర బండిని పక్కకు ఆపుకుని టీ తాగుతుంటే ట్రాక్టరొకటి వెనక నుంచి వచ్చి గుద్దింది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని లారీ ఓనర్ల సంఘం వాళ్ళే తీర్మానించారు. అతను పని మానేసిన ఏడాది శాలువా కప్పి, అద్దం కట్టించిన కాగితం ఒకటి చేతికిచ్చారు. నరసరావుపేట బరంపేటలో అతని ఇంట్లో ఆ కాగితం టీవీకి పైన ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళ చూపు దానిమీద పడకపోతే గురవయ్య లేచి, అది పక్కకు ఒరిగినట్టు సరిచేసి మళ్ళీ కూర్చుంటాడు.

పని మానిపించింది ఎడమ మోకాలు. క్లచ్చి తొక్కే కాలు. గుంటూరు డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, ఇక మెట్లెక్కడమే తగ్గించమన్నాడు. ఆ తరవాత ఆరు నెలలు గురవయ్య అరుగు మీద కుర్చీ వేసుకుని, వీధిలో పోయే ప్రతి బండి చప్పుడుకూ తీర్పు చెప్పాడు. "రెండో గేరులో ఎక్కాల్సిన చోట మూడో గేరేశాడు, చూడవే. ఇంజను ఏడుస్తంది." లోపల బియ్యం ఏరుకుంటున్న లక్ష్మమ్మకు ఇంజను ఏడుపు వినపడేది కాదు. మొగుడి గోల మాత్రం వినపడేది.

ఆ గోల నుంచి ఆమెను ఒడ్డున పడేసింది జమాల్. జమాల్‌ది వినుకొండ. ఇద్దరూ ఒకే ఏడాది ఒకే లారీ మీద క్లీనర్లుగా చేరారు. అప్పటి నుంచి అతను గురవయ్యను బావా అంటాడు, లక్ష్మమ్మను అక్కా అంటాడు. వినుకొండ బస్టాండు దగ్గర పిల్లలు ఆటలాడుకునే కంప్యూటర్ సెంటరొకటి మూతపడుతుంటే, జమాల్ పోయి రెండు సిస్టమ్‌లు బేరమాడాడు. ఎద్దుల జతను విడదీయకూడదు గనక ఒకటి తనకు, ఒకటి బావకు అన్నాడు. వాటితోపాటు స్టీరింగ్ చక్రాలు, కాలికింద పెట్టుకునే పెడళ్ళు కూడా వచ్చాయి.

అందులో ఉన్నది లారీల ఆట. మన రోడ్లన్నీ, మన టోల్ గేట్లతో సహా, ఎవరో ఓపికగా గీసి అందులో పెట్టారు. గురవయ్య మొదటిరోజు ఎగతాళిగానే కూర్చున్నాడు. పెడలు మీద ఎడమ కాలు పెట్టాడు. కలుక్కుమనలేదు. ఇంకోసారి తొక్కాడు. "ఏమే, ఇది పిల్లి మీద కాలేసినంత మెత్తగా ఉంది" అన్నాడు. ఆరోజు సాయంత్రం దాకా కుర్చీ దిగలేదు.

రెండేళ్ళ నుంచి ప్రతి ఆదివారం నాలుగింటికి పదకొండు మంది మాజీ డ్రైవర్లు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని, వరసగా లారీలు తోలుకుంటూ పోతున్నారు. ఇద్దరు కృష్ణ అవతలి మిర్యాలగూడెం వాళ్ళు. ఈ వరసకు మేస్త్రీ రాజుపాలెం ఆనంద్ బాబు. ఒకప్పుడు నాలుగు లారీల ఓనరు. ఓనరు బుద్ధి ఇంకా పోలేదు, ఎవరు ఎక్కడ పోవాలో అతనే చెబుతాడు. చేసిన రూలు మాత్రం ఒక్కటే: ఏ బండినీ తాకనివాడిది ముందు బండి. తాకినవాడు తోకకు పోవాలి. అందుకని మొదటి ఆదివారం నుంచీ ముందు బండి గురవయ్యదే.

ఆదివారం నాడు అతను ఖాకీ చొక్కా వేసుకుంటాడు. చెప్పులు గది బయట విడుస్తాడు. చక్రాన్ని తాకి కళ్ళకద్దుకుంటాడు. లక్ష్మమ్మ ఫ్లాస్కులో టీ పోసి పక్కన పెట్టి, నడుమ నడుమ వంటింట్లోంచి కేకేస్తుంది. "ఎందాకా వచ్చావు?"

"మార్కాపురం దాటా."

"అయితే పప్పు పొయ్యి మీద పెడతన్నా."

అట్లా సాగుతున్న బండి మొన్న ఆదివారం ఆగింది. ఉత్తినే ఆగలేదు. సాగర్ దారిలో ఒక మలుపు తిరుగుతుండగా తెర మూడు సెకన్లు బిగుసుకుపోయింది. అప్పుడప్పుడూ కొంచెం నత్తినత్తిగా నడవడం దానికి అలవాటే గానీ, ఇట్లా ఊపిరి బిగబట్టడం ఎప్పుడూ లేదు. మళ్ళీ బొమ్మ కదిలేసరికి గురవయ్య లారీ రోడ్డుకు అడ్డంగా, కాలువకు వేసిన తలుపులాగా నిలబడి ఉంది. వెనకనున్న జమాల్ వచ్చి గుద్దాడు. జమాల్‌ను ఇంకొకడు, వాణ్ణి మరొకడు. మొత్తం ఐదు బండ్లు.

హెడ్‌సెట్లో నవ్వులు మొదలయ్యాయి. అన్నిటికంటే పెద్ద నవ్వు జమాల్‌ది.

"బావా, ముప్పై ఎనిమిదేళ్ళు దాచుకున్నదంతా ఒక్కసారే ఖర్చు పెట్టావే!"

"నేను కాదురా. సిస్టమ్ ఆగింది."

"ప్రతి డ్రైవరూ పోలీసులకు చెప్పేది అదే గదా బావా. బ్రేకు పడలేదు సారూ, సిస్టమ్ ఆగింది సారూ."

ఆనంద్ బాబు మేస్త్రీ గొంతుతో అడ్డం పడ్డాడు. "నవ్వింది చాలు. గురవయ్యా, నీ మీద గౌరవం కొద్దీ ఈసారి వదిలేస్తన్నా. వచ్చే ఆదివారం శ్రీశైలం ఘాటు. అక్కడ ఇట్టా నిలబడ్డావంటే పదకొండు బండ్లూ లోయలోకే. ఇంకోసారి ఆగిందా, ముందు బండి జమాల్‌ది. నువ్వు తోకకు."

గురవయ్య హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. టీవీ పైనున్న కాగితం వంక చూడకుండానే పోయి అన్నం తిన్నాడు.

సోమవారం పొద్దున్నే సిస్టమ్‌ను దుప్పట్లో చుట్టి, మోపెడ్ మీద పెట్టి, లారీ తాడుతో లారీ ముడి వేసి అరండల్‌పేట తీసుకెళ్ళాడు. అక్కడ అఫ్రీన్ కంప్యూటర్లు బాగుచేస్తుంది. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసిన బల్ల మీదే చేస్తుంది. ముప్పై ఏళ్ళుంటాయి. నోరూ చెయ్యీ ఒకే వేగంతో నడుస్తాయి.

"ఏంది బాబాయ్, శవాన్ని కట్టుకొచ్చినట్టు తెచ్చావు?"

"శవమో, ప్రాణముందో నువ్వే చెప్పాలమ్మా. మలుపులో మూడు సెకన్లు గుండె ఆగింది."

ఆమె డబ్బా పక్క తలుపు తీసి, బ్లోయర్‌తో దుమ్ము ఊదింది. వినుకొండ దుమ్ము, నరసరావుపేట దుమ్ము కలిసి ఒక మబ్బులాగా లేచాయి. తరవాత వైర్లు తగిలించి, తన దగ్గరున్న తెర మీద ఏవేవో అంకెలు చూసింది.

"నీ ఇంజను ఇంకా నాలుగేళ్ళు లాగుద్ది. బొమ్మలు చూపించే కార్డు ముసలిదైంది. గ్రాఫిక్స్ కార్డు. మొన్న ఆటకు కొత్త అప్‌డేట్ వచ్చిందిగా, రోడ్లూ చెట్లూ ఇంకా నీటుగా గీశారు. అదంతా మోయలేక మలుపులో చతికిలబడతంది. పది టన్నుల బండి మీద నువ్వు పాతిక టన్నులు ఎత్తావు."

"నేను ఏనాడూ ఓవర్‌లోడు ఎత్తలేదు" అన్నాడు గురవయ్య, మనసు కష్టపెట్టుకుని.

"ఇప్పుడెత్తావు. కొత్త కార్డు వెయ్యాలి. మరీ కొత్తది ఈ బోర్డుకు దండగ. ఒక చెయ్యి మారిన పాతది, రెండు ఫ్యాన్లది, విజయవాడ నుంచి తెప్పిస్తా. శుక్రవారం బస్సు పార్సిల్‌కి వస్తది. దానికి కరెంటు ఎక్కువ కావాలి గనక ఈ కరెంటు పంచే డబ్బా కూడా మార్చాలి. అన్నీ బిగించి ఇస్తా, శనివారం వచ్చి తీసుకుపో."

గురవయ్య కదల్లేదు. "కరెంటు డబ్బా నువ్వు వెయ్యి. కార్డు మాత్రం నేను బిగిస్తా."

"ఎందుకు?"

"నా బండికి నేను కాక ఇంకొకడు పానా పట్టింది లేదు."

అఫ్రీన్ అతన్ని ఎగాదిగా చూసింది. వాదించి లాభం లేదని వాళ్ళ నాన్నను చూసే నేర్చుకుంది కాబోలు, పాత కార్డు ఊడదీసి చేతికిచ్చింది. "సరే, పెట్టు." అతను పెట్టాడు. "తియ్యి." తీశాడు. ముందు డబ్బా ఇనుమును తాకాలి, ఒంట్లో కరెంటుంటే దిగిపోతుంది. కార్డును అంచులు పట్టుకోవాలి. స్లాట్‌లో నిలువుగా దించాలి. టక్కుమనేదాకా నొక్కాలి. ఆ తరవాతే స్క్రూ. మూడుసార్లు చేయించింది.

"ఇంకొక్కటి గుర్తుపెట్టుకో బాబాయ్. ఈ బంగారం రంగు అంచుంది చూడు, ఇదే బోర్డులో దిగేది. దీన్ని చేత్తో ముట్టుకోవద్దు. చెమట అంటుద్ది."

"ముట్టుకోను" అన్నాడు గురవయ్య. అన్న మాట తప్పే మనిషి కాదు.

కార్డు అనుకున్నట్టే శుక్రవారం మధ్యాహ్నానికి వచ్చింది. అఫ్రీన్ దాన్ని తన సిస్టమ్‌లో పెట్టి, అతని ఎదురుగానే ఆడించి చూపించింది. అంతా బాగుంది, పొడవొక్కటే తేడా వచ్చింది. గురవయ్య చెయ్యి చాపి కొలిచాడు. జానెడు మీద నాలుగు వేళ్ళు. పాత డబ్బాలో హార్డ్ డిస్కులు పెట్టే ఇనప గూడొకటి దానికి అడ్డం వస్తోంది. గూడు రివెట్లతో బిగించి ఉంది.

"డబ్బా కూడా మార్చాలి బాబాయ్" అంది అఫ్రీన్.

"ఇంజను మంచిదైనప్పుడు బాడీ మారుస్తారా ఎవరన్నా? కోస్తారు. లోపలి సామాను తీసి డబ్బా ఇటివ్వు."

ఖాళీ డబ్బాను మోపెడ్ మీద పెట్టుకుని వినుకొండ రోడ్డులో లారీ బాడీలు కట్టే షెడ్డుకు పోయాడు. అక్కడి మేస్త్రీ దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇంత చిన్న లారీ ఎప్పుడు వచ్చిందని అడిగాడు. నాలుగు రివెట్లు డ్రిల్లుతో ఊడగొట్టి, గూడు పీకేసి, కోసిన అంచులు చెయ్యి తెగకుండా లోపలికి మడిచి, వద్దన్నా వినకుండా ఎర్ర ప్రైమరు కూడా పూశాడు. గంటలో తిరిగొచ్చిన డబ్బాను చూసి అఫ్రీన్ మొదట నవ్వింది. తరవాత కార్డు పెట్టి చూసుకుంది. వేలు దూరేంత సందు మిగిలింది. ఇక నవ్వలేదు. ఇట్లాంటివి ఇంకో రెండు డబ్బాలు తన దగ్గరున్నాయని, ఆ షెడ్డు ఎక్కడో చెప్పమని అడిగింది. సాయంత్రానికి కరెంటు డబ్బాతో సహా లోపలి సామానంతా బిగించి, కార్డు మాత్రం విడిగా చేతికిచ్చి పంపింది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి గురవయ్య స్నానం చేసి పనికి కూర్చున్నాడు. మంచం మీద తెల్ల తువ్వాలు పరిచి, దానిమీద స్క్రూ డ్రైవరు, కార్డు, స్క్రూలు వరసగా పెట్టుకున్నాడు. ఇనుమును తాకాడు. కార్డును అంచులు పట్టుకుని ఎత్తాడు. ఎత్తి, ఎప్పట్లాగే వంటింటి వైపు కేకేశాడు.

"ఏమే, రా!"

లక్ష్మమ్మ పసుపు, కుంకుమ ఉన్న గిన్నెలు పట్టుకుని వచ్చింది. ఆమె రావాల్సిందే. ముప్పై ఎనిమిదేళ్ళలో టైరు గానీ బ్యాటరీ గానీ, చివరికి వైపరు రబ్బరు గానీ, ఆమె చేతి బొట్టు లేకుండా గురవయ్య బండికి ఎక్కింది లేదు. ఒకే ఒక్కసారి దారిలో తొందరపడి బొట్టు లేని ట్యూబు వేసుకుంటే అది ఊరు దాటకముందే పేలింది. పేలడానికి కారణం మేకు అని గురవయ్యకు తెలుసు. అయినా ఆ తరవాత ఎప్పుడూ తొందరపడలేదు.

లక్ష్మమ్మ కార్డును ఇటు తిప్పించి అటు తిప్పించి చూసింది. "అంతా నలుపేగా, పెడితే కనపడిద్దా? దీనికి మొహం ఎటుంది?"

ఇద్దరూ వెతికారు. ఒకవైపు ఫ్యాన్లు. అక్కడ పెడితే తిరిగేటప్పుడు చిందుతుంది. వెనక నల్ల రేకు. చివరికి ఇద్దరి కళ్ళూ ఒకే చోట ఆగాయి. నల్లటి ఒంటికి ఒక్కచోట, కింద, బంగారు అంచు తళతళా మెరుస్తోంది.

"నుదురంటే ఇదే" అంది లక్ష్మమ్మ, వేలు ముందుకు చాపి.

"ఆగు ఆగు! చెయ్యి తగలకూడదంట. అఫ్రీన్ మరీ మరీ చెప్పింది."

"మరెట్టా?"

"పుల్లతో పెట్టు."

ఆమె అగ్గిపుల్ల తెచ్చింది. పసుపును చిక్కగా కలిపి, పుల్ల చివరతో బంగారు అంచు పొడుగునా ఇటు మూడు, అటు మూడు చుక్కలు పెట్టి, వాటి మీద కుంకుమ అద్దింది. చెయ్యి మాత్రం ఎక్కడా తగలనివ్వలేదు. గురవయ్య ఫ్యాను కింద పట్టుకుని ఆరనిచ్చాడు. నిలువుగా దించాడు. టక్కుమంది. స్క్రూ బిగించి, కొత్త కరెంటు డబ్బా నుంచి వచ్చిన వైరు తగిలించి, స్విచ్చి వేశాడు.

ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. డబ్బా లోపల్నుంచి ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వినపడ్డాయి.

గురవయ్య తల వంచి, ఇంజను చప్పుడు విన్నట్టు విన్నాడు. మళ్ళీ ఆపి, మళ్ళీ వేశాడు. అదే కూత. కార్డు తీసి, మళ్ళీ టక్కుమనిపించాడు. అదే కూత. చివరికి పాత కార్డు పెట్టి చూద్దామనుకున్నాడు. పెట్టాడు. అప్పుడూ అదే కూత.

అప్పుడతనికి చెమట పట్టింది. కొత్తది రాకపోవడం ఒక ఎత్తు. ఉన్నది కూడా పోయింది. రేపు నాలుగింటికి ముందు బండి కాదు గదా, తోక బండి కూడా లేదు.

ఫోన్‌లో అఫ్రీన్ దొరికేసరికి పదకొండైంది. ఆమె సత్తెనపల్లిలో ఒక కాలేజీ ల్యాబులో పని మీద ఉంది.

"నువ్వేసిన కరెంటు డబ్బా నా బోర్డును కాల్చేసిందమ్మా. పదిమందిలో నన్ను నవ్వులపాలు చెయ్యడానికి చచ్చిన సరుకు అంటగట్టావా?"

"నీ ఎదురుగానే ఆడించి ఇచ్చా బాబాయ్."

"ఇక్కడ ఆడటంలా."

"ఇనుము తాకావా?"

"తాకా."

"టక్కుమందా?"

"మంది."

"బంగారం అంచుకు చెయ్యి తగిలిందా?"

"తగల్లేదు. ఒట్టు."

అంతా నిజమే. చేసిన పనులన్నీ వరసగా చెప్పాడు. తువ్వాలు పరిచిన సంగతి దగ్గర్నుంచి చెప్పాడు. బొట్టు సంగతి మాత్రం చెప్పలేదు. దాచిపెట్టి కాదు. పొద్దున లేచి మొహం కడుక్కున్నానని ఎవరైనా మెకానిక్‌కు చెబుతారా?

"రేపు పొద్దున నేనే ఇంటికొస్తా" అని అఫ్రీన్ ఫోన్ పెట్టేసింది. ఆ గొంతులో రోజూ ఉండే తుంటరితనం లేదు. గురవయ్యకు అది గుచ్చుకుంది. 'పోయిన సామానును తిట్టే ముందు బిగించిన చేతిని అనుమానించు' అని తన కింద పనిచేసిన క్లీనర్లందరికీ చెప్పింది తనే.

సాయంత్రం జమాల్ ఫోన్ చేశాడు. "బావా, రేపు ముందు బండికి నేను డీజిలు కొట్టించుకోవాలా, అక్కర్లేదా?"

"కొట్టించుకో" అన్నాడు గురవయ్య.

జమాల్ నవ్వబోయి ఆగాడు. అతను ఎదురుచూసింది తిట్టు. "ఒంట్లో బాగానే ఉందా బావా?" అని మెల్లగా అడిగి పెట్టేశాడు.

ఆదివారం ఎనిమిదింటికల్లా అఫ్రీన్ స్కూటీ మీద వచ్చింది. లక్ష్మమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఎవరితో పెద్దగా మాట్లాడకుండా డబ్బా తెరిచింది. ఎర్ర ప్రైమరు వాసన ఇంకా పోలేదు. స్లాట్‌లోకి టార్చి కొట్టింది. వంగింది. ఇంకా వంగింది. తరవాత కొత్త కార్డు తీసుకుని, వెలుతురులో పెట్టి, బంగారు అంచు మీద గోటితో గీసి, ఆ గోటిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పిన్నీ, ఇదేంది?"

"పసుపమ్మా" అంది లక్ష్మమ్మ. "కొత్త సామానుకు బొట్టు పెట్టొద్దా?"

అఫ్రీన్ మంచం మీద కూలబడింది. మొదట భుజాలు కదిలాయి. ఆ తరవాత నవ్వు బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. "బాబాయ్, బొమ్మ రావాల్సిన దారే ఇది! దీని మీదే మీరిద్దరూ కలిసి గోడ కట్టారు. ఆ పసుపు స్లాట్‌లో అంటుకుంది. స్లాట్‌లోది పాత కార్డుకు అంటుకుంది. ముట్టుకోవద్దని చెప్పాగా?"

"ముట్టుకోలా" అన్నాడు గురవయ్య. "పుల్లతో పెట్టింది."

దాంతో ఆమెకు మళ్ళీ నవ్వు మొదలైంది. గురవయ్యకు మాత్రం నవ్వు రాలేదు. తువ్వాలు భుజం మీద సర్దుకుని, గోడ వైపు చూస్తూ అన్నాడు. "నిన్న నిన్ను నోటికొచ్చినట్టు అన్నానమ్మా. తప్పు నాది. అది కూడా చచ్చిన సరుకు అన్నా."

"అన్నావు" అంది అఫ్రీన్. "నిన్న అన్నం కూడా సరిగ్గా తిన్లేదు నేను. మా నాన్న బల్ల మీద కూర్చుని చెడ్డ సరుకు అమ్ముతానా బాబాయ్?"

లక్ష్మమ్మ మధ్యలోకి వచ్చింది. "తప్పు నాది గూడా ఉంది గానీ, అంతా నాది కాదు. చెయ్యి పెట్టొద్దని చెప్పినమ్మాయివి, బొట్టు పెట్టొద్దని చెప్పొద్దా? ఇప్పుడు తినేసి పో. పెసరట్లు వేస్తన్నా."

అఫ్రీన్ సంచిలోంచి పెన్సిలు రాతలు చెరిపే రబ్బరు తీసింది. కార్డు బంగారు అంచును రెండువైపులా ఓపికగా రుద్దింది. పసుపు నలుసులు తెల్ల తువ్వాలు మీద రాలాయి. స్లాట్‌ను మెత్తటి బ్రష్షుతో, స్పిరిటుతో మూడుసార్లు కడిగింది. అది ఆరేలోపు మూడు పెసరట్లు తిని, నాలుగోది వద్దని, తిని, చెయ్యి కడుక్కుంది.

"ఇక పెట్టు బాబాయ్. నీ బండి, నీ పానా."

గురవయ్య కార్డు అందుకున్నాడు. అందుకుని ఆగిపోయాడు. లక్ష్మమ్మ వంక చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గిన్నెలు లేవు. చూపు మాత్రం కార్డు మీదే ఉంది. బొట్టు లేకుండా సామాను ఎక్కించమని ఆమె అనదు. అఫ్రీన్ ఎదురుగా మళ్ళీ బొట్టు తెస్తానని కూడా అనలేదు.

అఫ్రీన్‌కే అర్థమైంది. "ఇదిగో పిన్నీ, ఈ చివర ఇనప పట్టీ ఉంది చూడు, డబ్బా బయటికి కనపడేది. దీనికీ కరెంటుకూ సంబంధం లేదు. దీని మీద పెట్టుకో. ఎంత కావాలంటే అంత."

లక్ష్మమ్మ ఈసారి వేలితోనే పెట్టింది. తెల్లటి పట్టీ మీద ఎర్రగా, గుండ్రంగా కుదిరింది.

టక్కుమంది. స్విచ్చి వేశాడు. కూత లేదు. తెర మీద వెలుగు వచ్చింది. ఆ వెలుగు కంటే ముందు లక్ష్మమ్మ గట్టిగా ఊపిరి వదలడం వినపడింది.

అఫ్రీన్ కూర్చుని ఆట సెట్టింగులన్నీ ఒక్కొక్కటే పైకి జరిపింది. ఒకచోట ఆగి వెనక్కి తిరిగింది. "బాబాయ్, అద్దాలు ఆఫ్‌లో ఉన్నాయేంది? పాత కార్డు మోయలేదని సెంటర్‌లో ఎవరో ఆపి ఉంటారు. రెండేళ్ళ నుంచి అద్దాల్లేకుండానే తోలావా?"

బండికి రెండుపక్కలా ఆ నల్లటి పలకలు ఎందుకున్నాయో గురవయ్యకు మొదటిరోజే అనుమానం వచ్చింది. ఆటలో ఇంతేనేమో అనుకున్నాడు. ఎవర్నీ అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు తోలినవాడు అద్దం ఎట్లా చూడాలని అడిగితే జమాల్ బతకనివ్వడు. అయినా ప్రతి మలుపులోనూ అలవాటు కొద్దీ కళ్ళు అటు పోయేవి. చీకటిని చూసి తిరిగొచ్చేవి.

"ఆన్ చెయ్యమ్మా" అన్నాడు.

నాలుగింటికి ఖాకీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. హెడ్‌సెట్లో ఒక్కొక్కరూ వచ్చి చేరారు. "గురవయ్యా, బండి నడుస్తదా?" అన్నాడు ఆనంద్ బాబు. "నడుస్తది" అన్నాడు గురవయ్య.

దోర్నాల దాటాక అడవి మొదలైంది. ఒక్కో ఆకు విడివిడిగా కనపడుతోంది. రాయి మీద ఎండ పడితే అది రాయిలాగే ఉంది. తెర ఎక్కడా తడబడలేదు. గురవయ్యకు ముందు రోడ్డు ఎంత నచ్చిందో దానికంటే ఎక్కువగా కుడిపక్క అద్దం నచ్చింది. అందులో జమాల్ లారీ, దాని వెనక ఆనంద్ బాబుది, ఇంకా వెనక మిర్యాలగూడెం వాళ్ళవి, పూసల దండలాగా మలుపు మలుపుకూ కనపడి మాయమవుతున్నాయి. రెండేళ్ళుగా వీళ్ళు తన వెనక వస్తున్నారని విన్నాడు గానీ చూడటం ఇదే మొదలు.

"ఎందాకా వచ్చావు?" అంది లక్ష్మమ్మ వంటింట్లోంచి.

"ఘాటెక్కుతన్నా. మాట్లాడించొద్దు."

నాలుగో హెయిర్‌పిన్ను మలుపు తిరిగి పైకెక్కాడు. అలవాటు కొద్దీ కళ్ళు అద్దంలోకి పోయాయి. జమాల్ లారీ మలుపు తిరిగింది. తిరిగి, సగంలో, రోడ్డుకు అడ్డంగా ఆగింది. లైట్లు వెలుగుతున్నాయి. చక్రాలు కదలడం లేదు. గురవయ్య ఆ ఆగడాన్ని చూడగానే గుర్తుపట్టాడు. అదే సెంటర్ సిస్టమ్. అదే పాత కార్డు. జతలో రెండో ఎద్దు.

"వెనకోళ్ళంతా బ్రేకు!" అని అరిచాడు. "ఆనంద్ బాబూ, మలుపు తిరగొద్దు! జమాల్ బండి అడ్డం పడింది! ఆపండి, ఎక్కడోళ్ళక్కడ!"

వంటింట్లో గరిటె కింద పడింది. హెడ్‌సెట్లో బ్రేకులు కీచుమన్నాయి. అద్దంలో ఆనంద్ బాబు బండి మలుపు నోట్లో దాకా వచ్చి, జమాల్ బండికి మూరెడు దూరంలో ఆగింది. దాని వెనకవి అన్నీ వరసగా ఆగాయి. ఏదీ దేన్నీ తాకలేదు.

మూడు సెకన్లయింది. నాలుగయింది. జమాల్ బండి కదిలింది. జమాల్ గొంతు కూడా కదిలింది. "బావా, ఏమైంది? అందరూ ఆగారేంది?"

మిగతావాళ్ళంతా ఒక్కసారిగా చెప్పడం మొదలుపెట్టారు. ఆనంద్ బాబు అందరినీ ఆపి, "నువ్వు సచ్చినట్టు నిలబడితే మీ బావ అద్దంలో చూసి ఆపాడయ్యా. లేకపోతే ఈపాటికి లోయలో ఉందుం" అన్నాడు. ఆ వెంటనే, "ముందు బండి సంగతి ఇక ఎవరూ ఎత్తొద్దు" అన్నాడు.

గురవయ్య ఒక మాట దాచుకుని ఉన్నాడు. వారం నుంచి దాచుకున్నాడు. బ్రేకు పడలేదు సారూ అని మొదలయ్యే మాట. నోటిదాకా వచ్చింది.

"పక్కకు తీసుకో జమాలూ" అన్నాడు. "తొందరేం లేదు. నీ వెనకే మెల్లగా వస్తారు."

బండ్లు మళ్ళీ వరసగా కదిలాయి. కొంతదూరం పోయాక జమాల్ అడిగాడు.

"బావా, నీ సిస్టమ్‌కు ఏం చేయించావు?"

"బొమ్మల కార్డు మార్చా. అరండల్‌పేటలో అఫ్రీన్ తెప్పించింది."

"నేనూ మారుస్తా. ఆ అమ్మాయి నంబరు పంపించు. సిస్టమ్‌ను నీ ఇంటికే తెస్తా."

"ఇక్కడికెందుకు?"

"నా బండి సామానుకు బొట్టు ఎవరు పెట్టారు ఇన్నాళ్ళూ? అక్క చేతే గదా పెట్టించుకుంది. ఇప్పుడు మాత్రం వదులుకుంటానా?"

గురవయ్య వంటింటి వైపు చూశాడు. లక్ష్మమ్మ గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. హెడ్‌సెట్లో మాట ఆమెకు వినపడదు. మొగుడి మొహం చూసి ఏదో తనను గురించే అని పోల్చుకుంది.

"ఏమంటన్నాడు?"

"వాడి కార్డుకు కూడా నువ్వే బొట్టు పెట్టాలంట."

"పెడతానని చెప్పు." లోపలికి పోబోయి, మళ్ళీ తల బయటికి పెట్టింది. "ఇనప పట్టీ మీదే పెడతానని కూడా చెప్పు."

"ఇనప పట్టీ ఏంది బావా?" అన్నాడు జమాల్, ఆ గొంతు ఎట్లా వినపడిందో.

"వచ్చాక చెబుతాలే" అని గురవయ్య అద్దంలోకి ఒకసారి చూసుకుని, ఐదో మలుపుకు గేరు తగ్గించాడు.